చేతులు కట్టేసిన రాజ్యం

మగ్గాల షెడ్డులో నోటితో మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. మరమగ్గాలు ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని మిల్లు పుట్టినప్పటి నుంచీ అక్కడ చేతులే మాట్లాడతాయి. మీసం మెలేసినట్టు వేళ్లు తిప్పితే మేస్త్రీ వస్తున్నాడని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్లని. మొహం ముందు పిడికిలి మూసి తెరిస్తే కిటికీ తెరవమని. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది, అత్త దగ్గర కోడలు నేర్చుకుంది. ఆ భాషలో తిట్లు కూడా ఉన్నాయి. కొత్తగా పనిలో చేరినవాళ్లు ముందు నేర్చుకునేవి అవే.

ఆ ఎండాకాలం యజమాని షెడ్డు కిటికీలకు మేకులు కొట్టించాడు. బయటి పొడిగాలి తగిలితే పోగు తెగుతుంది. లోపల ఆవిరి పెట్టి తలుపులు బిగిస్తే తెగదు. మనిషి సంగతేమిటని అడిగింది ఒక్క పెద్దక్కే.

పెద్దక్క ఆ షెడ్డులోనే కండెలు చుట్టే పని చేస్తుంది. కార్మిక సంఘానికి కార్యదర్శి. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. కిటికీల గురించి ఆమె మేస్త్రీని అడిగింది, మేనేజరును అడిగింది, చివరికి యజమానిని అడిగింది. "గాలి కావాలంటే సెలవు పెట్టి పార్కుకు వెళ్లమ్మా" అన్నాడాయన.

ఒక మధ్యాహ్నం కొత్తగా చేరిన అమ్మాయి యంత్రం పట్టుకుని తూలింది. పెద్దక్క చూసింది. గోడవైపు ఉన్నవాళ్లకు పిడికిలి మూసి తెరిచింది. వాళ్లు మేకులు పీకడానికి లేచేలోపు అమ్మాయి పడిపోయింది. ఆమెను లేపడానికి వంగినావిడ ఆమె మీదే పడింది. అది చూసి ఇంకొకావిడ. ఆ తర్వాత ఎంతో దూరంలో, పడినవాళ్ల మొహం కూడా కనిపించని చోట మరికొందరు. ఆవరణలో వాళ్లను వరసగా పడుకోబెట్టారు. కొందరు ఆవిరికి పడ్డారు. కొందరు పడినవాళ్లను చూసి పడ్డారు.

మిల్లు డాక్టరు వచ్చి నాడి చూసి, "ఎండ, ఆవిరి, భయం" అని రిపోర్టులో రాశాడు.

"భయం ఉంచండి, మిగతా రెండూ తీసెయ్యండి" అన్నాడు యజమాని.

డాక్టరు తీసేశాడు.

భయం మిగిలింది కాబట్టి ఎవరో భయపెట్టి ఉండాలి. ఆ పని మిల్లు భద్రతాధికారి చూసుకున్నాడు. ఆయన కొత్తగా చేరాడు, చేరినప్పటి నుంచీ పనేమీ దొరకక బాధపడుతున్నాడు. అద్దాల గదిలోంచి అంతా చూశానన్నాడు. ఆ కార్యదర్శి చెయ్యి ఎత్తింది, పిల్ల పడింది, మళ్లీ ఎత్తింది, ఇంకొకతె పడింది, కాబట్టి ఆ సైగకు అర్థం 'పడిపో' అని తేల్చాడు. సంఘాల నోరు ఎలా మూయించాలా అని చూస్తున్న ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి? సాయంత్రానికి పెద్దక్కను పట్టుకుపోయారు. మర్నాడు పత్రికలు 'సైగల ముఠా' అని పేరు పెట్టాయి. ఒక ప్రొఫెసరు, చేతి కదలికలతో మనిషి నరాలను ఎలా లొంగదీయవచ్చో వివరిస్తూ వ్యాసం రాశాడు. ఆయన మిల్లు లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లి ఉంటే అంత ధైర్యంగా రాయలేకపోయేవాడు.

ఇక పట్నం తన తెలివి చూపించింది. ఒక బడిలో టీచరు బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తగానే ముందు బెంచీ పిల్లలు పడిపోయారు. టీచరును పట్టుకుపోయారు. డాబా మీద తడిబట్టలు దులిపిన ఇల్లాలి మీద ఎదురింటావిడ ఫిర్యాదు చేసింది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తడానికి భయపడి జేబులో పెట్టుకు నిలబడ్డాడు. నాలుగు వైపుల బళ్లూ వచ్చి ఆయన చుట్టూ ఇరుక్కున్నాయి. ఆయన కదల్లేదు. మర్యాదస్తులు చేతులు వెనక్కి పెట్టుకుని నడిచారు. ఎదుటివాళ్ల చేతులు ఎక్కడున్నాయో చూస్తూ నడిచారు. స్టేషనుకు పిలిపించినవాళ్లు బయటపడాలంటే ఇంకొకరి పేరు చెప్పాలి. చెప్పారు. అన్నాదమ్ములు చెప్పుకున్నారు. వియ్యంకులు చెప్పుకున్నారు, వాళ్లనైతే ఎవరూ అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది.

మిల్లు గేటుకు నోటీసు అంటించారు. 'షెడ్డులో కార్మికులు చేతులు కట్టుకుని ఉండవలెను. చేయి ఎత్తినవారు పోలీసులకు అప్పగించబడుదురు.' కింద యజమాని సంతకం. రోడ్డవతలి మిల్లు గేటుకూ అదే నోటీసు పడింది. మగ్గం నడిపేటప్పుడు ఇది వర్తించదని మేస్త్రీ నోటితో చెప్పాడు. కాగితం మీద ఆ ముక్క లేదు.

పెద్దక్క తమ్ముడు అదే మిల్లులో ఫిట్టరు. మగ్గాలు ఆగితే బాగుచేస్తాడు. అందరూ అతన్ని నాటకాలోడు అంటారు. మిల్లు వార్షికోత్సవానికి ఏటా నాటకం రాసేది అతనే. అన్నీ రాజుల కథలే. యజమానికి అతని నాటకాలు ఇష్టం. చివర్లో రాజు మంచివాడైపోతాడు కాబట్టి.

ఇన్‌స్పెక్టరు అతన్ని పిలిపించి కుర్చీ వేయించాడు.

"మీ అక్క చేసిన సైగకు అర్థం ఏంటి?"

"కిటికీ తెరవమని."

"కిటికీ తెరవమంటే పిల్ల ఎందుకు పడింది?"

"తెరవలేదు కాబట్టి."

"చూడు, నీ మంచికే చెప్తున్నా. అది 'పడిపో' అనే సైగ అని కోర్టులో చెప్పు. సొంత తమ్ముడు చెబితే జడ్జిగారు ఇంకేం అడగరు. మీ అక్కకు చిన్న శిక్షతో పోతుంది. లేదంటే కుట్ర కేసు. ఆవిడ బయటకొచ్చేసరికి జుట్టు నెరుస్తుంది. నిన్ను మేస్త్రీని చేస్తామని మీ మిల్లు అయ్యగారు అన్నారు కూడా."

"నాకు మీసం లేదండి."

ఇన్‌స్పెక్టరుకు అది అర్థం కాలేదు. "పెంచుకో" అన్నాడు. "వార్షికోత్సవం దాకా టైమిస్తున్నా. ఆ మర్నాడు కోర్టు."

ఇంటికి వెళ్తే అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. పెద్దక్క మొగుడు. రైల్వే గోడౌనులో బస్తాలు మోస్తాడు.

"ఏమన్నాడ్రా?"

చెప్పాడు.

"చెప్పెయ్‌రా బామ్మర్దీ" అన్నాడు బావ. "ఏదో ఒకటి చెప్పెయ్. అది ఇంటికొస్తే చాలు. నాటకాల్లో నువ్వు రాయని అబద్ధమా?"

"నాటకంలో అబద్ధమని అందరికీ తెలుసు బావా."

"నీకు నీతులు తెలుసు. నాకు పొయ్యి ఎలా వెలిగించాలో కూడా తెలీదు. మీ అక్క లేకపోతే ఇది ఇల్లా, సత్రమా?" బావ తల తిప్పుకున్నాడు. "అది బతికి బయటికి రావాలిరా. అంతే. ఇంకేం వద్దు నాకు."

ములాఖత్‌కు వెళ్లినప్పుడు జాలీ అవతల పెద్దక్క చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అలా నిలబడాలని జైలు నియమం. షెడ్డు మనుషులందరిలాగే ఆమెది పెద్ద గొంతు. వార్డరు రెండుసార్లు గదమాయించింది.

"మెల్లగా మాట్లాడమంటే నాకెక్కడ వస్తుందిరా" అంది పెద్దక్క. "సరే, విను. నా చెయ్యి ఏం చెప్పిందో షెడ్డంతా చూసింది. దాని అర్థం నువ్వు మార్చావనుకో, రేపు మంచినీళ్లు అడిగినా కుట్రే. పోగు తెగిందన్నా కుట్రే. మనవాళ్లకు ఇంకే భాషుందిరా అక్కడ?"

"బావ..."

"మీ బావకు అన్నం వార్చడం నేర్పు. నా పెళ్లయినప్పటి నుంచీ వాయిదా వేస్తున్న పని."

నాటకాలోడు తిరిగి వస్తూ బజారులో ఆగాడు. చెప్పులు కుట్టే మూగాయన దగ్గర గుంపు ఉంది. ఆయనకు పుట్టుకతోనే మాటలేదు, వినపడదు. చేతులతోనే బేరం, చేతులతోనే పలకరింపు. ఎవరో ఆవిడ చెప్పు చూపించి ఎప్పుడిస్తావంటే, చెయ్యి ఊపి రేపు రమ్మన్నాడు. ఆవిడ కేకపెట్టి పడిపోయింది. అంతే, కొట్టారు. కొడుతున్నవాళ్లలో మిల్లువాళ్లూ ఉన్నారు. రోజంతా షెడ్డులో చేతులతో మాట్లాడి, సాయంత్రం చేతులతో మాట్లాడినందుకు మనిషిని కొడుతున్నారు. వాళ్లలో పొడుగ్గా ఉన్న నేతగాడిని నాటకాలోడు గుర్తుపట్టాడు. పోయినేడు నాటకంలో అతనే రాజు.

పోలీసులు మూగాయన్ను స్టేషను వరండాలో కూర్చోబెట్టి చేతులు వెనక్కి విరిచి కట్టారు. అప్పుడు ప్రశ్న అడిగారు.

"చెప్పరా, నిన్నెవరు పంపారు?"

"మూగోడు సార్" అన్నాడు నాటకాలోడు గుమ్మం దగ్గర నిలబడి.

"తెలుసు. మాటలొచ్చేవాడైతే ఈపాటికి అబద్ధం చెప్పేవాడు" అన్నాడు కానిస్టేబుల్. మళ్లీ ఆయన వైపు తిరిగి, "చెబుతావా, లేదా?"

మూగాయన భుజాలు కదిలించాడు. కట్టిన తాడు కదిలింది. 'ఇంకా సైగ చేస్తున్నాడు' అని రాసుకున్నారు.

నాటకాలోడు ఇంటికి వెళ్లి రాయడం మొదలుపెట్టాడు. ఏటా నాటకం రాయడానికి నానా తంటాలు పడేవాడు. ఈసారి ఆ బాధ లేదు. వాళ్లు వరండాలో రాసిందే అతను రంగం మీద పెట్టాడు.

సంఘం గదిలో చదివి వినిపించాడు. ఒక రాజ్యం. రాజుకు పీడకల వచ్చింది. జనం చేతులు తన మీద ఏదో చెప్పుకుంటున్నాయని. మంత్రి తాళ్లు తెప్పించాడు. జనం చేతులు కట్టారు. భటులు జనానికి కట్టారు, సేనాపతి భటులకు కట్టాడు, మంత్రి సేనాపతికి కట్టాడు, చివరికి అనుమానం వచ్చి రాజు మంత్రికి కట్టాడు. అప్పుడు రాజుకు ఆకలేసింది. ఎదురుగా కంచం ఉంది. పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు ముద్ద కలిపి నోట్లో పెట్టడమే గాని, తన చెయ్యి నోటిదాకా తీసుకెళ్లడం ఆయనకు తెలీదు.

వింటున్నవాళ్లలో సంఘానికి తోడుగా వచ్చిన కాలేజీ విద్యార్థులు కొందరున్నారు. ఒక విద్యార్థిని అడిగింది. "ఇంకా రాజులేంటండీ? మిల్లు యజమాని అని సూటిగా రాయొచ్చు కదా. జనానికి అర్థం కావాలి."

"జనానికి అర్థమవుతుందమ్మా" అంది మూల కూర్చున్న అమ్మమ్మ. ఆమె షెడ్డులో అందరికంటే పాత మనిషి, అందరికీ అమ్మమ్మే. "అర్థం కానిది ముందు వరసలో కూర్చునేవాళ్లకే. వాళ్ల కోసం రాయడం లేదు మనం."

"రాజు కథ అంటే కుర్చీ వేయించుకుని మరీ చూస్తారు" అన్నాడు నాటకాలోడు. "యజమాని కథ అంటే గేటు దగ్గరే ఆపుతారు."

బావ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "నాటకం ఆడితే అది బయటికి వస్తుందా?"

"రాదు బావా" అన్నాడు నాటకాలోడు. "దానంతట రాదు. నేను కోర్టులో అబద్ధం చెప్పినా రాదు. ఇవాళ అక్క, రేపు ఇంకొకరు. వాళ్లకు తాడు పొడుగ్గానే ఉంది."

పొడుగు నేతగాడు అప్పటిదాకా నేల చూస్తున్నాడు. "ఈసారి రాజు వేషం నాకొద్దు" అన్నాడు. "భటుడి వేషం ఇవ్వు. గుడ్డిగా కొట్టడం నాకొచ్చని మొన్న బజారులో తెలిసింది."

అమ్మమ్మ అతని వైపు చూసి, "ముందెళ్లి ఆ మూగాయన ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూసి రా. వేషం తర్వాత" అంది. అతను లేచి వెళ్లాడు.

నాటకం ఇన్‌స్పెక్టరు చదవాలి. అనుమతి ఆయన చేతిలో ఉంది. చదివాడు. ఎర్ర పెన్నుతో జనం మాటలన్నీ కొట్టేశాడు.

"రాజు మాటలు బాగున్నాయి. మంత్రివీ పరవాలేదు. జనం ఎక్కువ వాగుతున్నారు."

"మరి జనం ఏం చెయ్యాలండి?"

"నిలబడాలి. జనం పని అదే కదా."

"సరేనండి" అన్నాడు నాటకాలోడు. ఆ వినయం చూసి ఇన్‌స్పెక్టరు సంతోషించాడు. రేపు కోర్టులో ఇదే వినయం చూపమన్నాడు.

వార్షికోత్సవం మిల్లు హాల్లో జరిగింది. ముందు వరసలో యజమాని, ఆయన భార్య, ఇన్‌స్పెక్టరు, భద్రతాధికారి, ప్రొఫెసరు. వెనక షిఫ్టుల మనుషులంతా, పిల్లాజెల్లాతో, రోడ్డవతలి మిల్లువాళ్లు కూడా కొందరు. హాలు కిటికీలన్నీ తెరిచారు. యజమానికి ఉక్కపోత పడదు.

తెర లేచింది. నేతగాడు వద్దన్న రాజు వేషం బావ అడిగి తీసుకున్నాడు. అతను ఎన్నడూ రంగమెక్కినవాడు కాదు. అందుకే మాటలను బస్తా దించినట్టు ఒక్కొక్కటే దించాడు.

"మా రాజ్యంలో చేతులు మాట్లాడుతున్నాయని విన్నాం. ఏమంటున్నాయి?"

జనం వేషం వేసినవాళ్లు నిలబడ్డారు. వాళ్లకు మాటల్లేవు. ఒకావిడ మీసం మెలేసినట్టు వేళ్లు తిప్పింది. హాలు వెనక నవ్వు లేచింది. ఇంకొకడు షెడ్డులో వాడే తిట్లలో ఒకటి వేళ్లతో తిట్టాడు. పడీ పడీ నవ్వారు. నాటకంలో చేతులే కదా అని ముందు వరస భయపడలేదు, యజమాని కూడా నవ్వాడు. రాజు డైలాగు అంత బాగుందనుకున్నాడు.

"మేము చల్లగా చూసే రాజులం కామా?" అన్నాడు రాజు.

జనం జవాబిచ్చారు. ఇంట్లో కూడా ఎవరూ నోటితో అనని జవాబు అది. ముసలివాళ్లు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ప్రొఫెసరు యజమాని వైపు వంగి, "హాస్యరసం బాగా పండిందండీ" అన్నాడు.

తాళ్లు వచ్చాయి. పొడుగు నేతగాడు జనం చేతులు కట్టడం మొదలుపెట్టాడు. నవ్వు తగ్గింది. కడుతున్నకొద్దీ రంగం మీద మాటలు ఆగిపోతున్నాయి. ఆ సంగతి వెనకవాళ్లకే తెలుస్తోంది. మంత్రి చేతులు కూడా కట్టాక రాజు కంచం ముందు కూర్చున్నాడు. ముక్కు మీద ఈగ వాలింది. రాజు చెయ్యెత్తి తోలుకున్నాడు.

"మహారాజా" అన్నాడు మంత్రి, "తమరు సైగ చేశారు."

ఆ మాట ఇన్‌స్పెక్టరు కొట్టెయ్యలేదు. మంత్రి మాట కాబట్టి.

రాజు జనం వైపు తిరిగాడు. చివరి డైలాగు. "చివరిసారిగా అడుగుతున్నాం. మొట్టమొదట ఒకతె చేసిన సైగ. దాని అర్థం ఏమిటి?" బావ కంచం పక్కకు నెట్టి లేచాడు. "ఆమె ఏమంది?"

రంగం మీద అందరి చేతులూ కట్టేసి ఉన్నాయి. జవాబు చెప్పేవాళ్లు లేరు. హాల్లో అమ్మమ్మ లేచింది. మొహం ముందు పిడికిలి మూసి తెరిచింది. పక్కావిడ లేచింది. వరస లేచింది. వెనక వరసలు లేచాయి. హాలంతా పిడికిళ్లు మూసుకుని తెరుచుకున్నాయి.

భద్రతాధికారి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అదే. అదే సైగ. పడిపోతారు, ఇప్పుడందరూ పడిపోతారు" అని అరిచాడు. యజమాని భార్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ప్రొఫెసరు కళ్లు మూసుకున్నాడు.

అందరూ ఎదురు చూశారు. ఎవరూ పడలేదు. కిటికీల్లోంచి గాలి వస్తోంది.

ఒక చంటిపిల్ల తల్లి చంకలోంచి పిడికిలి తెరిచి మూసింది. అప్పుడు కూడా ఎవరూ పడలేదు.

ఇన్‌స్పెక్టరు రంగమెక్కాడు. నాటకాలోడి చొక్కా పట్టుకున్నాడు. "ఏం చెప్తున్నార్రా వీళ్లు?"

"కోర్టులో చెప్పాల్సిందే ఇక్కడ చెప్తున్నారండి. ఇంతమంది ఒక్కసారి చేశారు. ఒక్కరైనా పడ్డారా? పడాలంటే ముందు కిటికీలకు మేకులు కొట్టాలి."

సంకెళ్లు తేలేదు. నాటకం చూడటానికి వచ్చినవాళ్లు సంకెళ్లెందుకు తెచ్చుకుంటారు? నాటకంలోని తాడుతోనే అతని చేతులు కట్టారు. తీసుకుపోతుంటే బావ రాజు కిరీటంతోనే వ్యాను దాకా వెంట నడిచాడు. "ఒరేయ్ బామ్మర్దీ, అన్నం వార్చడం నేను నేర్చుకుంటాలే" అన్నాడు.

మర్నాడు పొద్దున సైరన్ మోగింది. కార్మికులంతా లోపలికి వెళ్లారు. ఒక్కరు కూడా మానలేదు. ఎవరి మగ్గం దగ్గర వాళ్లు నిలబడి చేతులు కట్టుకున్నారు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. మేనేజరు వచ్చాడు. చివరికి యజమాని వచ్చాడు. ఆ షెడ్డులో నోటి మాట వినపడటం అదే మొదటిసారి.

"ఏంటిది? సమ్మె నోటీసు ఇచ్చారా?"

"సమ్మె ఎక్కడ బాబూ" అంది అమ్మమ్మ. "నోటీసు మీరే ఇచ్చారుగా, గేటుకి. చేతులు కట్టుకోమన్నారు, కట్టుకున్నాం. సంతకం మీదే."

యజమాని మేస్త్రీ వైపు చూసి, "ముందు ఒక కిటికీ తెరిపించు" అన్నాడు. మేస్త్రీ కిటికీల వైపు చూశాడు. మిగతావాళ్ల చేతులు లేవవు కాబట్టి ఆ పని తనదేనని అతనికి అర్థమైంది. పటకారు, సుత్తి తెచ్చుకుని స్టూలెక్కాడు. మేకు పీకడం అతనికి అలవాటు లేని పని. సుత్తి జారి బొటనవేలి మీద పడింది. కిందికి దూకి చెయ్యి విదిలించాడు.

"అయ్యగారూ" అంది అమ్మమ్మ, "మీ మేస్త్రీ సైగ చేస్తున్నాడు. పట్టుకోండి."

షెడ్డంతా నవ్వింది. భద్రతాధికారి అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

చివరికి ఒక కిటికీ తెరుచుకుంది.

"తెరిచాం కదా" అన్నాడు యజమాని. "ఇంక మొదలుపెట్టండి."

ఎవరూ కదల్లేదు.

"తెరవమని అడిగిన చెయ్యి ఇంకా లోపలే ఉంది బాబూ" అంది అమ్మమ్మ. "దాన్ని నాటకంలో చూపించిన చెయ్యీ లోపలే. చెప్పులు కుట్టే చెయ్యీ లోపలే. అవి బయటికొస్తే ఇవి లేస్తాయి."

తెరిచిన కిటికీలోంచి రోడ్డవతలి మిల్లు మగ్గాల చప్పుడు వస్తోంది. అందరూ ఆ చప్పుడే వింటున్నారు. అది ఒక్కొక్క మగ్గంగా తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోయింది.